మన దేహపు నేత



మన పల్లెలలో ఇంట నెవరికైనను ఒడలు నలతపడినప్పుడు ఇంటిపెద్ద నోట మొట్టమొదట వెలువడు మాట "తెల్లవాఱనిమ్ము, చూతము" అనునదియే. ఆ మాట తొందరపాటును ఆపును, వృథావ్యయమును తప్పించును, పెక్కుసారులు అది వివేకమే యగును. కాని కొన్ని వేళల ఆ మాటయే బ్రదికియున్న మనుష్యుని మంచమునకు కట్టివేయును. ఏ వేళ అది వివేకము, ఏ వేళ ప్రమాదము అను ప్రశ్నకు బదులు మన దేహము నేయబడిన తీరులోనే కలదు. ఆ నేతను గూర్చి నాకు తెలిసినంత మీ ముందుంచెదను. నేను నందికొట్కూరు ప్రాంతపు రోగులను చూచిన వైద్యుడను గనుక నా ఉదాహరణములు ఆ నేలకు చెందినవే యై యుండును.

నేత యని ఊరక అనలేదు. 1801వ సంవత్సరమున బిషా యను ఫ్రెంచి వైద్యుడు ఒక గ్రంథమును ప్రకటించి, మనుష్యదేహము ఇరువదియొక్క తీరుల నేతలతో కూడియున్నదని చెప్పెను. ఆయన వాడిన మాటకు వారి భాషలో నేసిన బట్ట యని అర్థము. సూక్ష్మదర్శినియందు ఆయనకు నమ్మకము లేదు. శవములను కోసి, ఆ ముక్కలను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, కంటితో చూచి, వ్రేళ్లతో తడవియే ఆ లెక్క తేల్చెను. మఱుసటి యేడే ముప్పది యేండ్ల ప్రాయమున కన్నుమూసెను. మన పూర్వులు రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అని ఏడు ధాతువులను చెప్పిరి. వారిది తిన్న అన్నము ఒకదానినుండి మఱియొకటిగా మాఱు క్రమమును పట్టి వేసిన లెక్క. నేటివారు సూక్ష్మదర్శినితో చూచి, మూలమున నాలుగే నేతలని తేల్చిరి. లెక్క తగ్గుటయు ఒక్కొక్కప్పుడు జ్ఞానము పెరుగుటయే.

ఎమ్మిగనూరు మగ్గములను చూచినవారికి ఈ సంగతి తేలికగా బోధపడును. 1938లో మాచాని సోమప్పగారు అచట చేనేతవారి సహకార సంఘమును నెలకొల్పిరి. మగ్గముపై పడుగును పేకయు తప్ప మూడవ పోగు లేదు; అయినను దుప్పటి దుప్పటియే, చీర చీరయే. పోగు సన్నము, దాపు, కలయిక మాఱుటచేత భేదము కలుగుచున్నది. దేహమున పోగులకు బదులు జీవకణములు కలవు. అవి ఎంత చిన్నవనగా, ఒక్క కొఱ్ఱగింజ పొడవున నెత్తుటిలోని యెఱ్ఱకణములను రెండువందలకు పైగా వరుసగా పేర్పవచ్చును. ఒకే తీరు కణములు ఒకే పనికై కూడినచో దానిని కణజాలమందురు. పాఠ్యపుస్తకములలో ఉపకళా కణజాలము, సంయోజక కణజాలము, కండర కణజాలము, నాడీ కణజాలము అని వ్రాయుదురు. నేను ఈ ప్రసంగమున వానిని కప్పునేత, కూర్పునేత, కండనేత, నరపునేత యని పిలిచెదను. ఈ నాలుగును పాళ్లు మాఱి కలిసినచో అవయవము. జీర్ణకోశమునే చూడుడు: లోపలి పొర కప్పునేత, దానికి ఆధారము కూర్పునేత, అన్నమును చిలుకునది కండనేత, చిలుకుమని హెచ్చరించునది నరపునేత.

ఈ నేతలన్నింటికిని తిండి ఒక్క దారినే వచ్చును. అది నెత్తురు. సుంకేసుల ఆనకట్టకడ తుంగభద్రనుండి బయలుదేఱిన కర్నూలు కడప కాలువ నందికొట్కూరు ప్రాంతపు పొలములను తడుపుచు పోవుట మీరెఱిగినదే. కాలువకు ఎచటనో గండిపడెననుకొనుడు. నల్లరేగడిలోని హింగారి జొన్నకు వెంటనే వచ్చిన ముప్పు లేదు. అది నేలలో దాగిన పదునుతోడనే కంకి వేయగలదు. కాలువక్రింది వరిమడికి అట్టి ఓపిక లేదు. నీరు తప్పిన కొలది దినములకే నెఱ్ఱెలు విచ్చి ఎండును. దేహములోను జొన్నవంటి నేతలు కలవు, వరివంటి నేతలు కలవు. ఇది మనస్సున నుంచుకొనినచో తక్కిన ప్రసంగము సులభము.

మొదట కప్పునేత. ఇది చర్మపు పైపొరగను, నోటిలోను ప్రేగులలోను లోపలి యస్తరుగను ఉన్నది. ఇటుకలవలె కణములు ఒకదానికొకటి ఆనుకొని యుండును; నడుమ రక్తనాళములు లేవు. కాబట్టియే పైపైన గీచుకొనినచో నెత్తురు రాదు. అడుగు వరుసలోని కణములు ఎల్లప్పుడు పుట్టుచు పైకి జరుగుచుండును. పైవి ఎండి రాలిపోవును. చర్మపు పైపొర యంతయు క్రొత్తదగుటకు రమారమి ఒక నెల పట్టును; ప్రేగుల అస్తరునకు నాలుగైదు దినములు చాలును. గొడ్డలి పట్టి పట్టి అరచేత కాయలు కాచుట ఈ నేత తనకు తాను దళము చేసికొనుటయే. ఇంత చుఱుకుగా పుట్టునది గనుక దీనికి తగిలిన చిన్న గాయము తెల్లవాఱువఱకు నిశ్చింతగా ఆగును. పేడలోను మట్టిలోను ధనుర్వాతపు క్రిములుండును గనుక, గాయమును కడిగి, మఱునాడైనను ఆ సూదిమందు వేయించుకొనుట మఱవరాదు.

ఇక కూర్పునేత. దేహమును కూర్చి నిలుపునది ఇదియే. ఎముక, మృదులాస్థి, కండను ఎముకకు కట్టు స్నాయువులు, క్రొవ్వు, అన్నియు దీని రూపములే. వినుటకు వింతగా నుండును గాని నెత్తురును ఈ కుటుంబములోనిదే. ఇందు కణములు విడివిడిగా నుండి, వాని నడుమ కణములు స్రవించిన పదార్థము నిండియుండును. ఆ పదార్థము సున్నపుజాతిదైన ఎముక, త్రాళ్లవంటిదైన స్నాయువు, నీరైన నెత్తురు.

ఎముకను గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. దానిని ఱాయివలె జడమని తలచుట పొరపాటు. సన్నని కోడియెముకను కొన్ని దినములు ఘాటైన పులుపునీట నానవేయుడు. సున్నము కరగిపోయి అది త్రాడువలె వంగును. మఱియొక యెముకను నిప్పులలో కాల్చుడు; ఆకారము చెడకుండును గాని వ్రేలితో నలిపిన పొడియగును. మొదటిదానిలో మిగిలినది పీచు, రెండవదానిలో మిగిలినది సున్నము. రెండును కలిసియుండుటచేతనే ఎముక విఱుగక భారమును మోయగలుగుచున్నది. మన దేహమున 206 ఎముకలు కలవు. వానిలో కొన్నింటి నడుమ నుండు ఎఱ్ఱమజ్జయే నెత్తుటి కణములకు పుట్టినిల్లు. ఎఱ్ఱకణము రమారమి 120 దినములు బ్రదుకును. కావున మజ్జకు విశ్రాంతి యనునది లేదు.

ఎముక విఱిగినప్పుడు మొదట అచట నెత్తురు గడ్డకట్టును. కొన్ని దినములలో ఆ గడ్డలోనికి క్రొత్త కణములు ప్రాకి మెత్తని అతుకును వేయును. పిమ్మట కొన్ని వారములకు అందులో సున్నము చేరి గట్టిపడును. ఎదిగినవారి చేతియెముకకు ఆఱేడు వారములు, కాలియెముకకు మూడు నెలలు లేక అంతకు మించి పట్టును. చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టును ఎఱుగనివారు రాయలసీమలో నుండరు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ, ఇవియే వారి సామగ్రి. అతుకువేయు పని పసరుది కాదు, ఎముకదే. తప్పిన ఎముకను దారిలోనికి తెచ్చి కదలకుండ పట్టియుంచుటయే మనుష్యుడు చేయగలిగినది. పట్టణములో వేయు పిండికట్టునకును ఇదియే న్యాయము. కాని చర్మమును చీల్చుకొని బయటపడిన ఎముకకు, కీలులోనికి పోయిన విఱుపునకు శస్త్రవైద్యుడే కావలెను.

ఒక్క హెచ్చరిక. ఎముక ఆగును గాని దాని చుట్టునున్న కండ ఆగదు. కట్టు ఎవరు కట్టినను సరే, ఆ వెనుక వ్రేళ్లు పాలిపోయి చల్లబడినను, తిమ్మిరెక్కినను, నొప్పి తగ్గుటకు మాఱు గడియగడియకు హెచ్చినను, ఆ కట్టు క్రిందనున్న కండకు నెత్తురు అందుటలేదని యెఱుగవలెను. ఆఱు గంటలు గడచినచో ఆ కండ చచ్చుట మొదలిడును. ఒక పిల్లవానికి ఈ విధముగా ముంజేయి పోవుట నేను కన్నులార చూచితిని. నొప్పి సహజమే, ఉదయమున విప్పుదమని రాత్రియంతయు ఓదార్చిరి. విఱిగిన ఎముక చక్కగా అతికినది. ఆ చేయి మాత్రము పిడికిలి పట్టలేదు.

మృదులాస్థి యనునది మోకాలి కీలులో ఎముకల చివరలకు తాపడముగా నుండు నునుపైన పదార్థము. దీనికి రక్తనాళములు లేవు; కీలులోని తైలమువంటి ద్రవమునుండి ఊరిన తిండియే దిక్కు. కావున అఱిగినదాని స్థానమున అట్టిది మరల పెరుగుట లేదు. ముసలితనమున మోకాళ్లు పట్టుట ఇందువలననే. దీనికి అంగటిలో దొరకు నొప్పిబిళ్లలను నెలల తరబడి మ్రింగుట మన యూళ్లలో వాడుకయైనది. ఆ బిళ్లలలో పెక్కింటికి మోకాలికంటె మూత్రపిండముతో వైరము. ఒక్కొక్క మూత్రపిండమున రమారమి పది లక్షల వడపోత గొట్టములు కలవు. రెండును కలిసి దినమునకు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందు లీటరున్నర యో రెండో మాత్రమే వెలికి విడుచును. పుట్టిన వెనుక ఈ గొట్టములు క్రొత్తవి పుట్టవు. కాలేయమైనచో మూడింట రెండు పాళ్లు తీసివేసినను తిరిగి పెరుగును. మూత్రపిండమునకు ఆ వరము లేదు. మండుటెండలో చేని పని చేసి, చాలినంత నీరు త్రాగక, పైగా నొప్పిబిళ్ల వేసికొనువాడు తన దేహమున తిరిగి రానిదానిని తఱుగుచున్నాడు.

మూడవది కండనేత. ఇందు మూడు తెగలు. ఎముకలను కదల్చు కండ మన యాజ్ఞకు లోబడును, ప్రేగులలోను రక్తనాళములలోను ఉండు కండ మనలను అడుగక తన పని తాను చేసికొనును, మూడవది గుండెకండ. కండ ముడుచుకొనుటకు బలము ఎచటనుండి వచ్చును? దీనిని విప్పిన ఇద్దరిలో ఒకడు మన తెలుగువాడే. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున పుట్టి, చెన్నపట్టణమున వైద్యము చదివి, 1922లో అమెరికాకు పోయిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే యను ఆచార్యునితో కూడి నెత్తుటిలోను మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతిలో భాస్వరమున్నచోట నీలిరంగు తేలును. కండనుండి తీసిన రసమున ఆ రంగు తేలుట ఆలస్యమగుచుండెను. ఇతరులైనచో పనితప్పని త్రోసిపుచ్చెడివారేమో. ఆ యాలస్యము వెంటబడి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కండలో కనుగొనిరి. రెండవదానిని అదే యేట జర్మనీలో లోమన్ అను నతడు వేఱుగ కనుగొనెను. పిమ్మట సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనశాలలో నడపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినది. నేడు గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చు బిళ్లలోని మందు అదియే. మజ్జలో ఎఱ్ఱకణము పుట్టుటకు అది కావలయును. వారు 1948లో కాలము చేసిరి.

వారు కనుగొనినదానిని మన సంసారపు మాటలలో చెప్పెదను. అడినోసిన్ ట్రైఫాస్ఫేటు కండకు చేతిలోని రొక్కము. అది కొన్ని క్షణములకు మాత్రమే వచ్చును. ఫాస్ఫోక్రియాటిన్ పొరుగింటి చేబదులు. రొక్కమైపోగానే అక్కరకు వచ్చును గాని అదియు కొద్ది సేపే. పిమ్మట గాదె విప్పవలెను. అనగా నిలువయున్న చక్కెరను, క్రొవ్వును ఊపిరిగాలితో మండించి క్రొత్త రొక్కమును చేయవలెను. మూట మోయువాని కండకు గాలి చాలకున్నను కొంతసేపు చక్కెరను సగము మండించి నెట్టుకొనివచ్చును, తరువాత అలసి ఆగును, విశ్రమించి లేచును. గుండెకు ఆగు వీలెక్కడిది? అది దినమునకు రమారమి లక్షసారులు ముడుచుకొనవలెను. దానిది ఏ పూటకాపూట కూలి. కావుననే గుండెకు నెత్తురు తెచ్చు సన్నని ధమని గడ్డతో మూసికొనిపోయినచో, అరగంట గడచునప్పటికే ఆ భాగమున కణములు చచ్చుట మొదలగును. కొన్ని గంటలలో ఆ చావు గోడ మందమంతయు వ్యాపించును. చచ్చినచోట కండ పుట్టదు, మచ్చ మిగులును. రొమ్మున బరువు పెట్టినట్లు నొక్కి, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి, దానితో చెమట. దీనిని వాయువని, అజీర్ణమని వాము నమలుచు కూర్చుండుట కాలువ తెగిన వరిమడికి మఱునాడు నీరు పెట్టుదమనుటవంటిది.

నాలుగవది నరపునేత. మన వాడుకలో నరమనగా నెత్తురు పాఱు నాళమునకును, స్పర్శను మోయు తంతువునకును ఒక్కటే మాట. దీనివలన కలిగిన తికమక కొంచెము కాదు. నేను చెప్పుచున్నది రెండవదానిని. మెదడు, వెన్నుపాము, వానినుండి దేహమంతట వ్యాపించిన తంతువులు ఈ నేతవే. నడుమునుండి పాదమువఱకు పోవు ఒక్కొక్క తంతువు దాదాపు మీటరు పొడవు కలిగి, ఒక్క కణమునకు చెందినదై యుండును. మెదడు బరువు దేహములో నూటికి రెండు పాళ్లు. అది వాడుకొను ప్రాణవాయువు నూటికి ఇరువది పాళ్లు. ఇంత తిండిపోతునకు ఇంట గాదె లేదు. మెదడులో ఒక పెద్ద ధమని మూసికొనిపోయినప్పుడు నిమిషమునకు పందొమ్మిది లక్షల నాడీకణములు నశించునని 2006లో ఒక అమెరికా వైద్యుడు లెక్కకట్టెను. పోయిన కణములకు బదులు రావు. మనము పక్షవాతమనునది ఇదియే.

నందికొట్కూరునకు ఆవలి పల్లెనుండి ఒక రైతును మూడవనాటి పగలు నా యొద్దకు తెచ్చిరి. కుడిచేయి, కుడికాలు పడిపోయినవి, మాట లేదు. ఒంటినిండ పావురపు నెత్తురు పూసి యుండిరి. పావురపు నెత్తురు వేడి గనుక పడిన చేయి లేచునని మన ప్రాంతమున ఒక నమ్మకము కలదు. చర్మముపై పూసినది కప్పునేతను దాటి లోనికి పోదు. పోయినను మెదడులో మూసికొనిన నాళమును తెఱవదు. నేను దానిని గూర్చి ఏమియు అనలేదు. తడిగుడ్డతో తుడిపించితిని. రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు చేతిలోని ముద్ద జాఱినదట, మూతి ప్రక్కకు పోయినదట. వెంట వచ్చిన అన్నగారు డెబ్బది దాటినవాడు, ఊరిలో నలుగురు మాట వినెడివాడు. "తెల్లవారనీలే, చూద్దామని నేనే అంటి సామీ" అని చెప్పి, తమ్ముని పడిన చేతిని తన రెండు చేతులతో పట్టుకొని కూర్చుండెను. తమ్ముడు బ్రదికెను. ఊతకఱ్ఱతో నడచెను. మాట రాలేదు.

ఈ వ్యాధికి నేడు గడువు గల చికిత్స యున్నది. నాళమున అడ్డుపడిన గడ్డను కరగించు సూదిమందును, లక్షణములు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇయ్యవలెను. అందును ఎంత ముందైన అంత మేలు. కొందఱికి ఆ తరువాతను నాళము ద్వారా గడ్డను బయటికి లాగు వీలున్నది. అది పెద్ద ఆసుపత్రులలోనే జరుగును. కాని పక్షవాతము గడ్డవలననే కాక, నాళము పగిలి నెత్తురు కాఱుటవలనను కలుగును. అట్టివానికి ఆ సూదిమందు విషము. ఏది ఏదో పైకి తెలియదు. సీటీ స్కాను తీసియే తెలిసికొనవలెను. కావుననే రోగిని స్కాను లేని చోట్ల త్రిప్పుచుండుట కాలవ్యయము. కావుననే ఇంటిలో నెత్తురు పలుచన చేయు బిళ్లను వేయరాదు. నీరుగాని అన్నముగాని నోట పోయరాదు. మ్రింగు కండలును పడిపోయి యుండవచ్చును, నీరు ఊపిరితిత్తులలోనికి పోవును.

గుర్తించుటకు విద్య అక్కఱలేదు. నవ్వుమనుడు, మూతి ఒక ప్రక్కకు పోవునేమో చూడుడు. రెండు చేతులు ముందుకు చాచుమనుడు. ఒకటి జాఱునేమో చూడుడు. ఒక వాక్యము పలుకుమనుడు. మాట ముద్దగా వచ్చునేమో వినుడు. మూటిలో ఒక్కటి కనబడినను 108కి ఫోను చేయవలెను. ఆ బండి మన రాష్ట్రమున 2005నుండి నడచుచున్నది. ఒకవేళ రోగికి కొంతసేపటిలో తనంతట నెమ్మదించినను పోవలసినదే. అది రాబోవు పెద్ద దెబ్బకు ముందు పడిన చినుకు కావచ్చును.

ఇంకొక పని కలదు, అది పెద్దలు చేయవలసినది. రోగి కడపటిసారి చక్కగానున్న వేళను గుర్తుపెట్టుకొనుడు. గోడపైనైనను బొగ్గుతో వ్రాయుడు. మొదట వైద్యుడడుగు ప్రశ్న అదియే, నాలుగున్నర గంటలు లెక్కించునది అక్కడినుండియే. ఇంటివారు ఆ గాభరాలో "ప్రొద్దుగూకినాక" అని మాత్రమే చెప్పగలుగుదురు. రాత్రి నిద్రించి ఉదయమున పడియున్నవానికి, నిద్రకు పోయిన వేళయే లెక్క. నందికొట్కూరునుండి కర్నూలునకు దారి సుమారు 30 కిలోమీటర్లు. మిడుతూరునుండియైనను పగిడ్యాలనుండియైనను బండి వచ్చి ఎక్కించుకొని చేరుటకు గంటన్నర పట్టినదనుకొందము. స్కానునకు, పరీక్షలకు మఱియొక గంట. అప్పటికిని రెండు గంటలు చేతిలో మిగిలియే యుండును.